పుంగనూరు ఆవు – ఆబోతు

గోదానము చేయ సంకల్పించిన భక్తులు పలువురు నేడు పుంగనూరు ఆవునే కోరుచున్నారు. చిత్తూరు సీమలోని పుంగనూరు, పలమనేరు ప్రాంతములు దీని పుట్టినిల్లు. ఎత్తు సుమారు 3 అడుగులు. బరువు 200 కిలోలకు మించుట అరుదు. వానలు తక్కువైన ఆ మెట్టనేలలో ఎండుగడ్డితో బ్రతుకుటకు అలవడిన జాతి గనుక, రెండెకరముల రైతుకు సైతము భారము కాదు. పాలు కొద్దిపాటివే, కాని వెన్న మెండు.

ఈ జాతి క్షీణించుటకు ముఖ్యకారణము కరువు కాదు. అధిక పాలకై విదేశీ జాతులతో సంకరము సాగెను. మేలైన పుంగనూరు ఆబోతులు అరుదాయెను. ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనును, ఆబోతు అనేక దూడలకు తండ్రి కాగలదు. ముద్దుగా నున్నదని ఒంటరి ఆవును కొని మేడ ముంగిట కట్టివేసిన జాతి నిలుచునా? (ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును.)

ఆవు ఎదకు వచ్చినపుడు స్వజాతి ఆబోతుతోనే కలుపవలెను. ఆబోతు సమీపమున లేనిచో పశువైద్యుని సలహా పొందవలెను. పలమనేరులో ఈ జాతికై పశు పరిశోధనాస్థానము కలదు. మరింత పొట్టి దూడ కావలెనని తోబుట్టువులను కలుపుట తగదు, సంతతి బలహీనపడును.

పాలివ్వని కోడెదూడను మేపుటయే పేదరైతుకు కష్టము. దాతలు గోదాన సంకల్పములో ఆ కోడెదూడకు రెండేండ్ల గ్రాసమును కూడ చేర్చుకొనవలెనని మనవి.