రోగి పక్కన ఉద్యోగం: జీడీఏ, హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సులకు ఎవరు వస్తారు, ఎందుకు వస్తారు

ఆసుపత్రి వార్డులో రోగి ఒంటిని కనిపెట్టుకుని ఉండే పనిలో చాలా భాగం సహాయకులే చేస్తారు. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి దించడం, యూరిన్ బ్యాగ్ ఎంత నిండిందో చూసి రాయడం వీరి వంతు. ఆయా, వార్డ్ బాయ్ అన్న పిలుపులతో, పాతవాళ్లను చూసి కొత్తవాళ్లు నేర్చుకుంటూ ఏళ్ల తరబడి సాగిన ఈ పని, 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చాక కోర్సు రూపం పొందింది. ఆసుపత్రుల్లో పనిచేయదలచినవారికి జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉంది. దీన్ని జీడీఏ అంటారు. ఇళ్లలో వృద్ధులను, మంచం పట్టినవారిని చూసుకోదలచినవారికి హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సు ఉంది. రెండూ కొద్ది నెలల్లో పూర్తవుతాయి. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటును హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ చూస్తుంది.

పనికి కొరత లేదు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే అవుతారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడగా తల్లిదండ్రులే మిగిలిన ఇళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లోనూ కరీంనగర్, నిజామాబాద్ వైపూ వీధికి కొన్ని కనిపిస్తాయి. తుంటి ఎముక ఆపరేషన్ అయినవారిని, పక్షవాతం వచ్చినవారిని ఆసుపత్రులు కొద్ది రోజుల్లోనే ఇంటికి పంపేస్తున్నాయి. ఆ తర్వాత నెలల తరబడి చూసుకోవడానికి మనిషి కావాలి. అయినా శిక్షణ కేంద్రాలు ఒక బ్యాచ్ నింపడానికి ఊరూరా తిరగాల్సి వస్తోంది. చేరినవారిలో కొందరు వార్డు డ్యూటీ మొదలుకాగానే మానేస్తారు.

ఈ వెనుకంజకు మొదటి కారణం ప్రచారంలోనే ఉంది. చాలా చోట్ల ఈ కోర్సులను ‘ఆరు నెలల నర్సింగ్’ అని చెప్పి చేర్చుకుంటారు. ఇది పచ్చి అబద్ధం. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ పరిధిలో ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. వాటికన్నా తక్కువ కాలంలో ఎవరూ నర్సు కాలేరు. జీడీఏ సర్టిఫికెట్‌తో నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్ ఎక్కించడం ఈ ఉద్యోగి పనులు కావు. తెల్ల యూనిఫాం, మెడలో స్టెతస్కోపు ఊహించుకుని వచ్చిన అమ్మాయికి మొదటి రోజే డైపర్ మార్చమంటే మోసపోయానని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ అమ్మాయి ఊరికి వెళ్లి చెప్పే మాట తర్వాతి రెండు బ్యాచ్‌లను ఆపేస్తుంది.

దాచాల్సినంత తక్కువ పనేమీ కాదిది. బయటివారికి చాకిరీగా కనిపించే ప్రతి పని వెనుకా నేర్చుకోవాల్సిన పద్ధతి ఉంది. పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బాగున్న చేతిని ముందు తీయాలి. వరుస తప్పితే భుజం కీలు దెబ్బతింటుంది. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే నడుము కింద, మడమల దగ్గర చర్మం కందిపోయి పుండు పడుతుంది. చూడ్డానికి రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చే అయినా, అది నొక్కితే తెల్లబడకుండా అలాగే ఉంటే పుండుకు తొలి గుర్తు అని పట్టుకోగలిగేది రోజూ ఒళ్లు తుడిచే మనిషే. మింగడం కష్టంగా ఉన్నవారికి తల ఎత్తి కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టాలి, తిన్న వెంటనే పడుకోబెట్టకూడదు. అన్నం గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. వాడిన దూది, బ్యాండేజీ పసుపు సంచిలో, ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వేయాలన్నది 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధన. చేతులు కడగడం, నాడి, ఉష్ణోగ్రత చూడడం, గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం, చనిపోయినవారి దేహాన్ని శుభ్రం చేసి అప్పగించడం కూడా పాఠంలో భాగమే. మనుషులతో ఓపికగా మెలగగల విద్యార్థిని ఈ కోర్సు వైపు తిప్పేది ‘వంద శాతం ఉద్యోగం’ అన్న ఫ్లెక్సీ కాదు, ఇలాంటి పాఠమే.

అందుకే చేరికకు ముందే ఒక పూట వార్డు చూపించే పద్ధతి మేలు. చూసి వెనక్కి తగ్గేవారు అక్కడే తగ్గుతారు, సీటు వృథా కాదు. ఉండిపోయినవారు కోర్సు పూర్తిచేసే అవకాశం ఎక్కువ. వచ్చేవారిలో ఇంటర్ మధ్యలో ఆపినవారు, బైపీసీ చదివి పైకోర్సుల్లో సీటు రానివారు, పిల్లలు బడికి వెళ్లాక సంపాదన వెతుక్కునే తల్లులు ఉంటారు. యువతుల విషయంలో నిర్ణయం ఒక్కరిది కాదు. తల్లి ఒప్పుకోవాలి, పెళ్లయితే అత్తవారూ ఒప్పుకోవాలి. పరాయి మగవారి ఒళ్లు ముట్టుకునే పని అన్న సంకోచం, నైట్ డ్యూటీ భయం, మలమూత్రాలు ఎత్తే పనిని తక్కువ చూసే పాత చూపు ఇంట్లో అడ్డుపడతాయి. వీటికి కాలేజీ సెమినార్ హాలులో జవాబు దొరకదు. డ్వాక్రా సంఘం సమావేశంలో, గ్రామ సమాఖ్య ముందు, అదే మండలం నుంచి వెళ్లి పనిచేస్తున్న అమ్మాయి వచ్చి మాట్లాడితే దొరుకుతుంది. హాస్టల్ ఎక్కడ, వార్డెన్ ఎవరు, రాత్రి డ్యూటీ అయితే బండి పంపుతారా అన్నవి అక్కడ అడిగే ప్రశ్నలు. సూటిగా జవాబు చెప్పలేని కేంద్రానికి పిల్లలను పంపకపోవడమే మంచిది.

ఫీజు పెద్ద అడ్డంకి కాదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద ఈ తరహా శిక్షణ ఉచితంగా అందింది. కొవిడ్ రెండో ఉధృతి తర్వాత 2021 జూన్‌లో లక్ష మందికి పైగా శిక్షణ ఇచ్చే లక్ష్యంతో ప్రారంభించిన క్రాష్ కోర్సుల్లో హోమ్ కేర్ సపోర్ట్ కూడా ఒకటి. గ్రామీణ పేద యువత కోసం 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో 15 నుంచి 35 ఏళ్లవారికి, మహిళలకైతే 45 వరకు అవకాశం ఇచ్చారు. నేర్చుకున్నవారిలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపాలని శిక్షణ సంస్థలకు షరతు పెట్టారు. ఈ పథకాన్ని తెలంగాణలో ఈజీఎంఎం, ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థలు అమలు చేశాయి. ఏ ట్రేడుకు ఏ ఊళ్లో బ్యాచ్ నడుస్తోందన్నది మారుతుంటుంది కనుక జిల్లా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

అసలు తేడా జీతం దగ్గర తెలుస్తుంది. ఆసుపత్రి ఉద్యోగంలో మొదటి జీతం పెద్దగా ఉండదు. కానీ 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్, నెలకు 21,000 రూపాయల వరకు జీతానికి ఈఎస్‌ఐ ఉంటాయి, షిఫ్టుకు ముగింపు ఉంటుంది. ఇంటి డ్యూటీలో చేతికి వచ్చే మొత్తం ఎక్కువగానే కనిపిస్తుంది. అందులో ఏజెన్సీ కమీషన్ ఎంత, 24 గంటల డ్యూటీ అంటే నిద్ర ఎన్ని గంటలు, వారానికో నెలకో సెలవుందా, భోజనం ఎవరిది, వంట, అంట్లు కూడా నెత్తిన పడతాయా అన్నవి కాగితం మీద రాయించుకోకపోతే లెక్క తలకిందులవుతుంది. రోగికి తగిన ఆహారం సిద్ధం చేయడం హోమ్ హెల్త్ ఎయిడ్ పనే, ఇంటిల్లిపాదికీ వండడం కాదు. రోగి ఇల్లు కూడా చట్టం దృష్టిలో పనిచేసే చోటే. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఇళ్లలో పనిచేసే మహిళలు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. రోగి రక్తం తగిలే ప్రమాదమూ ఈ పనిలో ఉంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు ఆరు నెలల వ్యవధిలో పూర్తవుతాయి కాబట్టి మొదటిది కోర్సు తొలివారంలోనే వేయించాలి.

అబ్బాయిలు ఈ కోర్సుల వైపు తక్కువగా చూడడం వింతే. బరువైన రోగిని లేపాలన్నా, మగ రోగికి స్నానం చేయించాలన్నా కుటుంబాలు మగ సహాయకుడినే అడుగుతాయి. ఆయాలుగా ఏళ్ల అనుభవం ఉన్నవారు మళ్లీ మొదటి నుంచి చదవనక్కర్లేదు. ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి వారి కోసమే. నర్సు కావాలన్న కోరిక ఉంటే ఇంటర్ పూర్తిచేసి మహిళలు ఏఎన్ఎంలో, స్త్రీపురుషులెవరైనా జీఎన్ఎంలో చేరవచ్చు. అయితే జీడీఏ చదివినందుకు అక్కడ ఒక్క నెల కూడా తగ్గదు.

విదేశాల్లో ఈ ఉద్యోగానికి వేరే రూపం ఉంది. అమెరికాలో 1987 నాటి చట్టం నర్స్ ఎయిడ్‌కు కనీసం 75 గంటల శిక్షణ, పరీక్ష, రాష్ట్ర రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి చేసింది. పనిలో పెట్టుకున్న నర్సింగ్ హోమ్ ఆ శిక్షణకు ఫీజు వసూలు చేయకూడదని నిబంధన. అక్కడ స్థిరపడి పని అనుమతి ఉన్న తెలుగు గృహిణులకు ఇది అందుబాటులో ఉన్న దారి, ఇక్కడి జీడీఏ సర్టిఫికెట్ మాత్రం అక్కడ చెల్లదు. జపాన్‌తో భారత్ 2021 జనవరిలో కుదుర్చుకున్న ఒప్పందంలో కేర్ వర్కర్ల రంగం ఉంది. వెళ్లాలంటే జపాన్ భాషా పరీక్షలు, కేర్ నైపుణ్య పరీక్ష నెగ్గాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ రంగ రిక్రూటింగ్ సంస్థలు. ప్రైవేటు ఏజెంటైతే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ వద్ద రిజిస్టరై ఉండాలి. వారు తీసుకోదగిన సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగిన ఏజెంటు పేరు ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోవచ్చు.