ఆకలి లేకపోయినా ఆగని తిండి

పండక్కి నాలుగు బూరెలు ఎక్కువ తినడం జబ్బు కాదు. బింజ్ ఈటింగ్ డిజార్డర్ ఉన్న మనిషి రెండు గంటల్లోపే మామూలుగా ఎవరూ తిననంత తింటాడు. ఆపాలనుకున్నా చెయ్యి ఆగదు. అందరూ పడుకున్నాక ఫ్రిజ్ దగ్గర నిలబడి చల్లటి పులిహోర గిన్నె ఖాళీ చేయడం, బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు చెత్తబుట్ట అడుగున దాచడం, ఆ తర్వాత సిగ్గు, తన మీద తనకే రోత. సగటున వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలు ఇలా సాగితే వైద్యులు రుగ్మతగా గుర్తిస్తారు. బులీమియా అనే మరో తిండి రుగ్మతలోలా తిన్నది కక్కేయడం దీంట్లో అలవాటుగా ఉండదు. అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే దీన్ని వర్ణించినా, అక్కడి మానసిక వైద్యుల సంఘం విడి రుగ్మతగా గుర్తించింది 2013లో.

నోరు కట్టుకోలేకపోవడమేనని ఇంట్లోవాళ్లు తీసిపారేస్తారు. అది తప్పు. వంశపారంపర్యం, దిగులు, ఒంటి తీరు గురించి చిన్నప్పటినుంచి విన్న ఎగతాళి, అన్నీ కలిసి పనిచేస్తాయి. కఠినమైన డైటింగ్ అయితే అగ్గికి ఆజ్యమే. టిఫిన్ మానేసి, మధ్యాహ్నం రెండు పుల్కాలతో సరిపెట్టినవారికి రాత్రి అదుపు తప్పుతుంది. మర్నాడు శిక్షగా మళ్లీ పస్తు.

చికిత్సలో ముందు వరసలో ఉండేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. మూడు పూటలా వేళకు భోజనం, మధ్యలో కాస్త చిరుతిండి, ఏం తిన్నదీ అప్పుడు మనసెలా ఉన్నదీ రాసుకోవడం దాంట్లో భాగం. బరువు తగ్గడం మొదటి లక్ష్యం కాదు; చాలామందికి మింగుడుపడని మాట ఇదే. అవసరాన్నిబట్టి సైకియాట్రిస్టు మందులిస్తారు. మధ్యలో ఒకరోజు అదుపు తప్పినా తర్వాతి పూట భోజనం మానకూడదు. మొదటి సలహాకు ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.