రక్తం తిరిగొచ్చే దారి

లాస్యా,

ఆదివారం ఫోన్లో గుండె పాఠం అప్పజెప్పావు. కుడి కర్ణిక, కుడి జఠరిక, ఊపిరితిత్తులు, ఎడమ కర్ణిక, ఎడమ జఠరిక, బృహద్ధమని... ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాత, "కాలివేళ్ళ దాకా దిగిన రక్తం మళ్ళీ పైకి ఎలా వస్తుంది అమ్మమ్మా?" అన్నావు. ముప్పై నాలుగేళ్ళు స్టాఫ్ నర్సుగా రోగుల చేతుల్లో సిరలు వెతికినదాన్ని. ఆ ప్రశ్నకు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఒక పని చెయ్యి. మీ నాన్నగారిని కూర్చోబెట్టి, మోచేతికి పైన మెత్తటి గుడ్డ ఓ మాదిరిగా బిగించు. పిడికిలి బిగించమను. ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి. జనం వాటిని నరాలంటారు. వార్డులో మేమూ "నరం దొరకడం లేదు" అనే అనేవాళ్ళం. నువ్వు మాత్రం పరీక్షలో అలా రాయకు. ఆ సిర పొడవునా చెరుకు గడకున్నట్టు చిన్న చిన్న కణుపులు కనిపిస్తాయి. ఒక కణుపుకు కాస్త దిగువన, అరచేతి వైపు, సిరను వేలితో నొక్కి పట్టు. రెండో వేలితో అక్కణ్ణుంచి పైకి, కణుపు దాటేదాకా రక్తాన్ని నిమిరెయ్యి. పై వేలు తీసేసినా ఆ మధ్య ముక్క ఖాళీగానే ఉంటుంది. పైన ఉన్న రక్తం కిందికి రాదు. ఇప్పుడు కింది వేలు ఎత్తు. చటుక్కున నిండుతుంది. చూడగానే గుడ్డ విప్పెయ్యి, ఎక్కువసేపు ఉంచకూడదు.

ఆ కణుపులే కవాటాలు. వాటి గురించి ఇటలీలోని పాడువాలో ఫాబ్రీషియస్ అనే గురువు 1603లో పుస్తకం వేశాడు. రక్తం కాళ్ళూ చేతుల్లోకి ఒక్కసారిగా దిగిపోకుండా ఆపడానికే అవి ఉన్నాయనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం హార్వే అవే కవాటాలను చూసి, ఇవి గుండె వైపే తెరుచుకుంటున్నాయేమిటని ఆలోచించాడు. అన్నం నుంచి కాలేయం రక్తం తయారు చేస్తుందనీ, ఒళ్ళు దాన్ని వాడేసుకుంటుందనీ ప్రాచీన వైద్యుడు గాలెన్ కాలం నుంచి నమ్మకం. హార్వే లెక్క వేశాడు. ఇప్పటి అంకెలతో నువ్వూ వెయ్యి: దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు. నిమిషానికి 5 లీటర్లు, గంటకు 300 లీటర్లు! అంత రక్తం ఏ అన్నం నుంచి పుడుతుంది? ఒంట్లో ఉన్న అయిదు లీటర్లే మళ్ళీ మళ్ళీ తిరగాలి. 1628లో ఆయన పుస్తకం అచ్చయింది. నువ్వు చేసే వేళ్ళ ప్రయోగం బొమ్మలతో సహా అందులో ఉంది.

ధమని చివరి నుంచి సిర మొదటికి రక్తం ఎలా దాటుతుందో మాత్రం ఆయన చూడలేకపోయాడు. 1657లో కన్నుమూశాడు. 1661లో మాల్పీజీ అనే శాస్త్రవేత్త సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిలో ఆ రెంటినీ కలిపే కేశనాళికలు చూశాడు. నాలుగేళ్ళు! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక నీ ప్రశ్న. నువ్వు బీపీ 120 అని వింటావే, ఆ ఒత్తిడి ధమనులది. సన్నటి దారులన్నీ దాటి సిరల్లోకి వచ్చేసరికి అందులో పదోవంతు మిగిలితే గొప్ప. నిలబడ్డ మనిషి పాదం నుంచి గుండె దాకా ఎక్కడానికి అది చాలదు. అక్కడ ఆదుకునేవి పిక్కలు. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి లోపలి సిరల్ని పిండుతుంది, కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు. మన ఊళ్ళో బోరింగు కొట్టావుగా, వాషరు అరిగితే ఎంత కొట్టినా నీళ్ళు దిగజారిపోతాయి. సిరల కవాటాలు పాడైనా అంతే, రక్తం కింద నిలిచిపోయి సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. ఊపిరి కూడా సాయం చేస్తుంది. గాలి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, రక్తం అటు లాగబడుతుంది.

నేనిది పుస్తకంలో చదివాను, నేర్చుకున్నది మాత్రం వార్డులో. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, పదిహేను రోజులు మంచం దిగని ఒక పెద్దాయన్ని దుప్పటి మార్చాలని తొందరపెట్టి లేపి నిలబెట్టాను. అర నిమిషం కాలేదు, మొహం పాలిపోయింది, నుదుటి మీద చెమట, నా భుజం మీదికి ఒరిగిపోయారు. నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళ వైపు దిగుతుంది. మామూలుగా ఒళ్ళు వెంటనే సర్దుకుంటుంది, సిరలు బిగుసుకుంటాయి. అన్ని రోజులు పడుకున్న ఒంటికి ఆ అలవాటు తప్పింది. గుండెకు తిరిగొచ్చేది తగ్గితే అది పంపేదీ తగ్గుతుంది, ముందుగా మెదడుకే లోటు. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకున్నాం. రంగు తిరిగొచ్చింది. మా సిస్టర్ నన్ను తిట్టలేదు. "కాళ్ళు ఆడించకుండానే లేపావా?" అంది. ఆ రోజు నుంచి ఏ రోగినైనా ముందు మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించమని, ఆ తర్వాతే లేపేదాన్ని.

ఇంకొకటి. పుస్తకంలో సిరలకు నీలం రంగు వేస్తారు. ఆ రక్తం నీలం కాదు తల్లీ, ముదురు ఎరుపు. సిరంజిలోకి వచ్చినప్పుడు నేరేడు పండు రసంలా ఉంటుంది. ఆక్సిజన్ కూడా అంతా అయిపోదు, విశ్రాంతిగా ఉన్న మనిషిలో ముప్పావు వంతుకు దగ్గరగా మిగిలే ఉంటుంది. పరుగెత్తితే అందులోంచే కండరాలు ఇంకాస్త తీసుకుంటాయి.

నాన్నగారి ముంజేతి మీద ఎన్ని కణుపులు కనిపించాయో వచ్చే ఆదివారం చెప్పు. మోచేతి మడతలో ఉబ్బే సిరను కూడా వేలితో తడిమి చూడు, నొక్కితే స్పంజులా పైకి లేస్తుంది. మేం సూది పెట్టేది అక్కడే.

ఇట్లు,
మీ అమ్మమ్మ