స్తూపం దగ్గర మనం ఎలా మెలగాలి?

 

అమరావతి మహాచైత్యం చూడ్డానికి వెళ్ళి, ఇటుకల దిబ్బ తప్ప ఏమీ లేదే అని నిరాశతో తిరిగొచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఒకప్పుడు ఆ దిబ్బను శిల్పాలు చెక్కిన సున్నపురాతి పలకలు కప్పి ఉండేవి. పూర్ణఘటం చెక్కిన ఒక పలక మీద దాత పేరు ఉంది: నాగ ఉపాధ్యాయుని కొడుకు, చర్మకారుడు విధికుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు అందరితో కలిసి ఇచ్చిన దానం అది. రాజుగారి పేరు కాదండీ, తోలుపని చేసుకునే మనిషి పేరు! మన తాతలను గుడి గడప తొక్కనివ్వని ఈ నేల మీదే, స్తూపం మీద ఆ పేరు చెక్కారు.

ఆ పలక మిగిలింది. మిగలనివి ఎన్నో. 1797లో మెకంజీ వచ్చేసరికే, దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను తవ్వి రాళ్ళు పట్టుకుపోతున్నారు. కొన్ని కట్టడాలకు వాడారు, కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నైకి, లండన్‌కి చేరాయి. బట్టీలో ఎందరు విధికుల పేర్లు కాలిపోయాయో!

ఆ పాపం మనది కాదుగదా అంటారా? నిజమే. కానీ వైశాఖ పున్నమినాడు మనం చేసే పనులు కూడా చూసుకోవాలి. ఇటుకల మీద దీపం పెడితే నూనె లోపలికి ఇంకిపోతుంది, ఆ మరక పోదు. దీపాన్ని ప్రమిదలో, స్తూపానికి దూరంగా నేల మీద పెట్టండి. శిల్పం మెరవాలని నిమ్మకాయతో, చింతపండుతో తోమకండి. పులుపు సున్నపురాతిని తినేస్తుంది. ఫొటో కోసం అండం మీదికి ఎక్కొద్దు.

ఇంకోటి, చెప్పడానికి కాస్త ఇబ్బందైనదే. ఇటుకల సందులో రావి మొక్క మొలిస్తే మనకు సంతోషం, బోధివృక్షం కదా! కానీ దాని వేరు గోడను చీల్చేస్తుంది. నీళ్ళు పోయకండి, అలాగని మీరే పీకకండి కూడా. పీకితే ఇటుకలూ ఊడి వస్తాయి. అక్కడి పురావస్తు సిబ్బందికి చూపించండి.

కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. ప్రేమతో మనం కట్టుకునే విహారానికైనా ఇదే చట్టం.

మీ పొలంలో చెక్కిన రాయి బయటపడితే ఇంటికి తేవద్దు. ఉన్నచోటే ఉంచి, ఫొటో తీసి, తహసీల్దారుకు తెలపండి. బ్రష్షుతో రుద్ది కడగకండి. ఆ మట్టి కింద బ్రాహ్మీ అక్షరాలు ఉండొచ్చు.