నూనెను కరగించు గాలి

సోడాబుడ్డిలోని గోలీని నొక్కినప్పుడు బుస్సుమని పైకెగయు బొగ్గుపులుసు గాలిని పిల్లలందఱు నెఱుగుదురు. అది నూనెను కరగించునన్న నమ్ముట కష్టము. అయినను తగిన వేడియు, తగిన ఒత్తిడియు కూడెనేని కరగించును.

1869వ సంవత్సరమున బెల్ఫాస్టు నగరమందలి థామస్ ఆండ్రూస్ పండితుడు ఈ వాయువును సన్నని గాజుగొట్టములయందు నొక్కి పరీక్షించి, సుమారు 31 సెంటిగ్రేడు డిగ్రీలకు పైని ఎంత నొక్కినను అది ద్రవముగ మాఱదని ప్రకటించెను. ఆ మేరకు సందిగ్ధ ఉష్ణోగ్రత యని పేరు. ఆ వేడిని, మనచుట్టునున్న గాలి ఒత్తిడికి 73 రెట్ల ఒత్తిడిని దాటిన పిమ్మట, అది వాయువువలె సందుసందులకు జొరబడును. ద్రవమువలె సాంద్రమై యుండును. (గది వేడిమి 40 డిగ్రీలకు చేరు మన వేసవి మధ్యాహ్నములందు, నిప్పునార్పుటకై గోడకు తగిలించిన బొగ్గుపులుసు గాలి సిలిండరులోని సరుకు ఈ స్థితియందే యుండును!)

ఇక నూనె సంగతి. ఆమ్లమును ఆల్కహాలును కలిసి, నీరు తొలగిపోగా ఏర్పడునది ఎస్టరు. అరటిపండు వాసనయందును, మల్లెపూవు వాసనయందును చిన్న ఎస్టరులు గలవు. నూనెయు ఎస్టరే, కాని గ్లిసరినునకు మూడు క్రొవ్వు ఆమ్లములంటుకొనిన మూడు తోకల ఎస్టరు. భేదమంతయు ఇచ్చటనే యున్నది. చిన్న ఎస్టరులు 40 డిగ్రీల వేడియందు 100 రెట్ల ఒత్తిడికే ఈ గాలితో చక్కగ కలిసిపోవును. నూనెయో, 300 రెట్లు నొక్కినను నూటికి ఒకపాలు కరగుటయే గగనము. అయితే గాలి మాత్రము నూనెలోనికి విరివిగ చొచ్చుకొనిపోవును. అందుచే నూనె ఉబ్బి పలుచనగును.

వేడిచేసినకొలది ఎక్కువ కరగునని చక్కెరను జూచి మనమనుకొందుము. ఇచ్చట ఒత్తిడి తక్కువగ నున్నయెడల, వేడిమిచే గాలి వ్యాకోచించి పలుచబడి, తాను మోయుచున్న నూనెను జాఱవిడుచును. ఒత్తిడి మిక్కిలి హెచ్చినప్పుడే వేడి కరగుటకు తోడ్పడును.

ఈ గుణములనే యంత్రశాలలలో వాడుకొనుచున్నారు. చేపనూనెను ఎథిల్ ఎస్టరులుగ మార్చినచో మూడు తోకలును విడివడును. అందు పొట్టివి ముందుగను, పొడవైనవి వెనుకగను గాలివెంట పోవును. ఇట్లు మందులకు పనికివచ్చు భాగమును వేఱుచేయుదురు.

గింజలనుండి నూనె తీయుటకు సాధారణముగ వాడు హెక్సేను మంటలంటుకొను ద్రవము. తుదకు దానిని నూనెనుండి కాచి వెడలగొట్టవలెను. బొగ్గుపులుసు గాలితో ఆ భయము లేదు. ఒత్తిడి తగ్గింపగనే నూనె అడుగున నిలుచును, గాలి విడిపోవును. దానినే మరల నొక్కి వాడుకొందురు. కాని అంత ఒత్తిడికోర్చు ఉక్కుపాత్రల వెల అధికము. కావున వేరుసెనగనూనె వంటి వానికిది గిట్టుబాటు కాదని నా తలంపు. మిరియములు, అల్లము, ఏలకులు మొదలగు వెలగల దినుసుల సారము తీయుటకే యిది తగును.