తపాలా సంచి, రేపటి ఊరు

అరుప్పుకోట్టై పిన్‌కోడు 626101. 1972 ఆగస్టు 15న దేశంలో అమలులోకి వచ్చిన ఈ విధానంలో మొదటి అంకె తమిళనాడు, కేరళలున్న మండలాన్ని, తొలి మూడంకెలు ఉత్తరాలను వేరుచేసే జిల్లాను, చివరి మూడంకెలు బట్వాడా చేసే కార్యాలయాన్ని తెలుపుతాయి. ఊరి పేరు తెలుగులో రాసినా తమిళంలో రాసినా అంకెలు మారవు.

ఇంధనాన్ని పొదుపుగా వాడవలసిన రేపటి సమాజంలో తపాలా ఎలా నడుస్తుంది? జవాబులో సగం ఇప్పటికే వీధిలో ఉంది. సైకిలుపై వచ్చే పోస్టుమాన్ ఒక వీధి ఉత్తరాలన్నీ ఒకే విడతలో పంచగలడు. నాలుగు పార్సిళ్లు నాలుగు సంస్థల ద్వారా వస్తే నాలుగు మోటారు సైకిళ్లు అదే సందులోకి రావాలి. చిరునామా తప్పితే మళ్లీ తిరగాలి. ఆ పెట్రోలు ఎవరి లెక్కలోనూ కనిపించదు. చీరలు నేసి బయటి ఊళ్లకు పంపే పట్టణానికి ఇది చిన్న విషయం కాదు.

2025 మే నెలలో తపాలా శాఖ ప్రవేశపెట్టిన డిజిపిన్ రూపకల్పనలో హైదరాబాదు ఐఐటీ, ఇస్రో వారి జాతీయ దూరసంవేదన కేంద్రం పాలుపంచుకున్నాయి. ఇది దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విభజించి, ఒక్కొక్కదానికి పది అక్షరాంకెల గుర్తు ఇస్తుంది. తలుపు సంఖ్య లేని పెరటి ఇంటినీ చూపగలదు. అయితే మేడపై అద్దెకున్నవారు ఎప్పుడు ఖాళీ చేశారో చెప్పలేదు. అది ఆ వీధి పోస్టుమాన్‌కే తెలియాలి. కనుక ఇల్లు మారినవారు పాత చిరునామాకు బట్వాడా చేసే తపాలా కార్యాలయంలో కొత్త చిరునామాను రాతపూర్వకంగా ఇవ్వాలి. ఓటరు కార్డు, బ్యాంకు ఖాతా చిరునామాలను మాత్రం ఆయా సంస్థల ద్వారా విడిగా మార్పించుకోవాలి.