రసీదు ఎందుకు ఆగిపోయింది? మన కంప్యూటర్ తరగతి నుంచి ఒక పాఠం



మీ విరాళాలతో సూళ్లూరుపేటలో సాయంత్రం పూట కంప్యూటర్ తరగతి నడుస్తోంది. అక్కడ పిల్లలకు ఏం నేర్పుతున్నారని మీలో చాలామంది అడుగుతుంటారు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దెల మీద నిలబడి చూసే ఊరు మనది. కంప్యూటర్ అంటే టైపింగ్ ఒక్కటే కాదని మన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ ఏడాది ఒక పాఠాన్నే మీ ముందు పెడుతున్నాం. ఇది మా తప్పు నుంచి పుట్టిన పాఠం.

జరిగింది ఇదీ

సంఘానికి వచ్చే జకాత్, సదఖా సొమ్ముకు రసీదులిచ్చే ప్రోగ్రాంను విద్యార్థులతో కలిసి మేమే పైథాన్ భాషలో రాశాం. మామూలు రోజుల్లో చక్కగా నడిచింది. రంజాన్ చివరి పది రోజుల్లో, తరావీహ్ తర్వాత జనం ఎక్కువగా వచ్చిన ఒక రాత్రి మాత్రం కొన్ని రసీదులు రాలేదు. డబ్బు అందింది, పేరు రిజిస్టరులోకి ఎక్కింది, కాగితం బయటికి రాలేదు. తెర మీద తప్పు జరిగిందన్న మాట ఒక్కటీ కనబడలేదు. ఆ రాత్రి మిగిలిన రసీదులు చేత్తో రాసిచ్చాం. మొదట ప్రింటరును అనుమానించి దాని వైరు మార్చాం. తప్పు ప్రింటరుది కాదు, మాది.

దుకాణం, గల్లాపెట్టె

బజారులో రద్దీగా ఉన్న దుకాణాన్ని ఊహించుకోండి. నలుగురు పనివాళ్లు, ఒకటే గల్లాపెట్టె. పెట్టె తెరవాల్సినవారు తాళంచెవి తీసుకుంటారు, పని కాగానే పెట్టెకు తాళం వేసి చెవిని మేకుకు తగిలిస్తారు. చెవి మేకుకు లేకపోతే రెండోవారు ఆగుతారు. ప్రోగ్రాంలో ఈ పనివాళ్లను థ్రెడ్లు అంటారు, ఆ తాళాన్ని లాక్ అంటారు. ఇద్దరు ఒకేసారి రిజిస్టరులో రాసి లెక్క పాడుచేయకుండా లాక్ కాపాడుతుంది.

ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను నడపాలంటే పిల్ల ప్రాసెస్‌ను పుట్టించాలి. మా రసీదు ప్రోగ్రాం ప్రింటు ప్రోగ్రాంను అలాగే నడిపేది. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో దీనికి పాత పద్ధతి రెండు మెట్లుగా ఉంటుంది. మొదటిది ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు నకలు తీయడం. రెండోది ఎగ్జెక్, అంటే ఆ నకలు తన పాత పని వదిలి కొత్త ప్రోగ్రాంగా మారడం.

చిక్కు మొదటి మెట్టులోనే ఉంది. నకలు దుకాణంలోకి సామానంతా వస్తుంది గాని, పనివాళ్లలో ఫోర్క్ పిలిచిన ఒక్కడే వస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో తాళంచెవి మరొకడి చేతిలో ఉంటే, నకలు దుకాణంలో పెట్టె తాళం తాళంగానే ఉంటుంది. చెవి పట్టుకున్న మనిషి అక్కడ లేడు. అతను తిరిగి ఇస్తాడని ఈ ఒక్కడు ఎప్పటికీ ఎదురుచూస్తూ ఉండిపోతాడు.

మా ప్రోగ్రాంలో ఫోర్క్‌కూ ఎగ్జెక్‌కూ మధ్య, ఫలానా రసీదు ప్రింటుకు వెళ్లిందని రిజిస్టరులో ఒక వరుస రాయించాం. దానికి లాక్ కావాలి. జనం తక్కువైతే లాక్ ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది కనుక పని జరిగిపోయేది. రద్దీ రాత్రి ఆ అదృష్టం లేకపోయింది.

ఇది మా ఒక్కరి తప్పు కాదు

ఫోర్క్ 1971 నాటి యూనిక్స్ మొదటి మాన్యువల్‌లోనే ఉంది. అప్పట్లో ఒక ప్రోగ్రాంకు పనివాడు ఒక్కడే. థ్రెడ్లకు పోసిక్స్ ప్రమాణం 1995లో వచ్చింది. పాత ఇంటికి కొత్త గదులు కట్టినట్టు రెండూ కలిశాయి. థ్రెడ్లున్న ప్రోగ్రాంలో ఫోర్క్ వాడితే 2023లో వచ్చిన పైథాన్ 3.12 హెచ్చరిస్తుంది. పైథాన్‌లోని మల్టీప్రాసెసింగ్ విభాగం, లినక్స్‌లో తనంతట తాను ఫోర్క్‌ను ఎంచుకోవడం 2025 నాటి 3.14తో మానేసింది.

పిల్లలకు నేర్పిన జాగ్రత్తలు

1. ఫోర్క్‌కూ ఎగ్జెక్‌కూ మధ్య సొంత పనులు పెట్టకూడదు. థ్రెడ్లున్నప్పుడు అక్కడ చేయదగిన పనుల జాబితాను పోసిక్స్ ప్రమాణం చాలా చిన్నదిగా ఉంచింది. సి భాషలో మెమరీ అడగడం, ప్రింట్‌ఎఫ్‌తో తెర మీద ఒక మాట రాయడం కూడా అందులో లేవు. వాటి లోపలా లాకులు ఉండవచ్చు.

2. రెండు మెట్లనూ కలిపి చేసిపెట్టే సాధనం వాడాలి. సి భాషలో పోసిక్స్ స్పాన్, పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ ఉన్నాయి. సబ్‌ప్రాసెస్‌లో ప్రీఎగ్జెక్ అనే సదుపాయాన్ని మాత్రం తాకకూడదు. అది మళ్లీ ఆ మధ్య చోటులోనే మన పని దూరుస్తుంది.

3. తెరిచిన ఫైళ్లను పిల్ల ప్రాసెస్‌కు వదలకూడదు. సాయం అందుకునే కుటుంబాల జాబితా మన దగ్గర తెరిచి ఉంటే, సి భాషలో మనం వద్దని చెప్పకపోతే ప్రింటు ప్రోగ్రాంకూ అది అందుతుంది. ఆ పేర్లు అమానత్. ఫైలు తెరిచాక వద్దని చెబితే ఆలస్యమే. ఆ రెప్పపాటులో వేరే థ్రెడ్ ఫోర్క్ చేయవచ్చు. తెరిచేటప్పుడే చెప్పే వీలు లినక్స్‌లో 2007 నుంచి ఉంది. పైథాన్ 2014 నాటి 3.4 నుంచి తనే ఆ జాగ్రత్త తీసుకుంటుంది.

4. దాత పేరును షెల్ ఆజ్ఞలో అతికించకూడదు, విడిగా అందించాలి. లేకపోతే పేరులో పడిన ఒక సెమీకోలన్ తర్వాతి అక్షరాలను షెల్ కొత్త ఆజ్ఞగా తీసుకుంటుంది.

5. పిల్ల ప్రాసెస్ పని ముగించేదాకా గమనించాలి. గడువు పెట్టాలి. గడువు దాటితే బల్ల దగ్గర కూర్చున్న మనిషికి తెలియాలి.

ఇప్పుడు ప్రింటుకు వెళ్లే వరుసను అసలు ప్రోగ్రామే ముందుగా రిజిస్టరులో రాస్తుంది. ఆ తర్వాతే సబ్‌ప్రాసెస్‌తో ప్రింటు మొదలవుతుంది. పావు నిమిషంలో కాగితం రాకపోతే తెర మీద ఎర్రగా ఆ రసీదు నంబరు కనబడుతుంది. విద్యార్థులు ఉత్తుత్తి పేర్లతో రద్దీని తామే పుట్టించి, పాత ప్రోగ్రాం ఎలా ఆగుతోందో, కొత్తది ఎలా నడుస్తోందో పక్కపక్కన పెట్టి చూశారు.

మీరిచ్చిన ప్రతి రూపాయికి రసీదు ఇవ్వడం మా బాధ్యత. ఈ పనిలో అనుభవమున్నవారు మీ ఇళ్లలో ఉంటే, నెలకు ఒక సాయంత్రమైనా తరగతికి పంపండి. పోయిన రంజాన్‌లో రసీదు అందనివారు ఇంకా ఎవరైనా ఉంటే మాకు చెప్పండి, రిజిస్టరు చూసి రాసిస్తాం.